‘శిల్పం’ అనే ఒక్క మాటతో ఒక పాఠకురాలి నోరు మూయించాం

మొన్న ఆదివారం నుంచి మనసేం బాగోలేదు. ఎవరినీ పేరు పెట్టి అనను గానీ, ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

బెంగళూరు కబ్బన్ పార్కులో వెదురు పొదల దగ్గర కూర్చుని పదిమందిమి గురజాడ ‘దిద్దుబాటు’ కథ గురించి మాట్లాడుకుంటున్నాం. ఒక అమ్మాయి మొదటిసారి వచ్చింది, కాడుగోడి నుంచి మెట్రోలో. బడిలో తెలుగు చదవలేదట, ఈమధ్యే కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంటోందట. చేతిలో కథ ప్రింటవుట్, దాని నిండా పెన్సిల్ గీతలు. “గోపాలరావు వాళ్ళావిడ మంచం కిందే ఉందని తెలిశాక మళ్ళీ మొదటి నుంచి చదివానండీ. రెండోసారి ఇంకా బాగుంది” అంది. మాలో ఒక పెద్దాయన, “అది సరేనమ్మా, శిల్పం గురించి చెప్పు” అన్నారు. ఆ పిల్ల కాగితాలు మడిచి బ్యాగులో పెట్టేసుకుంది. ఆ తర్వాత గంటసేపు నోరు విప్పలేదు.

శిల్పం అంటే కథను అల్లిన తీరు. ఆ అమ్మాయి చెప్పింది దాని గురించే కదా! అది మనకెందుకు వినపడలేదు?

1910లో వచ్చిన ఆ కథలో జరిగేది చాలా తక్కువ. పొద్దుపోయి ఇంటికొచ్చిన గోపాలరావుకి భార్య కమలిని కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. కంగారుపడతాడు, తప్పు తెలుసుకుంటాడు, చివరికి ఆవిడ మంచం కింద నుంచి నవ్వుతుంది. ఇదీ ఇతివృత్తం. దారి తప్పుతున్న మొగుణ్ణి చదువుకున్న భార్య దిద్దుకోవడం వస్తువు. అయితే గురజాడ వాళ్ళ పెళ్లి దగ్గర మొదలుపెట్టలేదు, “తలుపు! తలుపు!” అన్న పిలుపుతో మొదలుపెట్టారు. గోపాలరావుతో పాటే మనమూ ఇంట్లోకి వెళ్తాం, అతనికి తెలిసిందే మనకూ తెలుస్తుంది. ఇది దృక్కోణం. అదే కథ మంచం కింద నుంచి కమలిని చెప్పి ఉంటే ఆ టెన్షనూ ఉండదు, ఆ చివరి నవ్వుకి ఆ బలమూ ఉండదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి వెంట నడిపించాలి, ఏది ఎంతవరకు దాచాలి అన్న నిర్ణయాలన్నీ కలిస్తేనే శిల్పం. రెండోసారి చదివితే ఇంకా బాగుందని చెప్పిన పాఠకురాలు ఆ దాచడాన్ని పట్టుకుంది. ఆమెకు లేనిది పేరొక్కటే. ఆ పేరు మనం అందించి ఉండాల్సింది.

ఈ పేర్లేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1872లో ‘శ్రీరంగరాజ చరిత్ర’ రాసిన నరహరి గోపాలకృష్ణమ చెట్టి దాన్ని నవీన ప్రబంధం అన్నారు. 1878లో కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’ను వచన ప్రబంధం అన్నారు. ‘నవల’ అన్న మాట తర్వాత స్థిరపడింది. అంటే మొదటి నవలలు రాసినవాళ్ళే తాము రాసినదాన్ని ఏమనాలో వెతుక్కున్నారు. వాళ్ళకి లేని సిగ్గు పేర్లు తెలియని పాఠకులకెందుకు? నా పక్క సీటు కన్నడ స్నేహితుడు నవలని కాదంబరి అంటాడు. సంస్కృతంలో బాణుడు రాసిన ‘కాదంబరి’ పేరే వాళ్ళ దగ్గర ఆ ప్రక్రియకి పేరైంది. ఒకే సరుకుకి పక్కపక్క ఇళ్ళలో వేరు వేరు పేర్లు.

పదాలు వద్దని నేననడం లేదు. నాకవి ప్రాణం. పుస్తకాన్ని పరిచయం చేసే సమీక్షకీ, లోతుగా విశ్లేషించే విమర్శకీ తేడా తెలియక, ‘విమర్శించాడు’ అంటే ‘తిట్టాడు’ అని అర్థం చేసుకుని స్నేహాలు తెంచుకున్నవాళ్ళను చూశాను. ఆ తేడాలు తెలియాల్సిందే. కానీ ముందు అనుభవం, తర్వాత పేరు. స్కూల్లో తెలుగు చదవనివాళ్ళకి ‘ఉత్తమ పురుష కథనం’ అంటే ఎవరో మంచి మగాడి కథేమో అనిపిస్తుంది. ‘నేను’ అంటూ చెప్పే కథ అని ఒక్క ముక్క ముందు చెబితే ఆ మాట వాళ్ళదైపోతుంది.

ఇక ‘శిల్పం బాగుంది, శైలి బాగుంది’ అని రెండు ముక్కలు రాసి ఊరుకునే పోస్టులంటే నాకు నిజంగా కోపం. ఏ చోట బాగుంది? ఏ వాక్యంలో? అది చూపించకుండా వాడిన పదం వల్ల చదివేవాడికి దక్కేదేమీ లేదు.

ఆ రోజు నేనూ పక్కనే ఉన్నాను, వెంటనే అడ్డుపడలేదు. అదే ఎక్కువ బాధ. రాత్రి ఆమెకు మెసేజ్ పెట్టాను: “మీరు చెప్పిందే శిల్పం అండీ. వచ్చే ఆదివారం మీరే మొదలుపెట్టాలి.” చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి. జవాబు కోసం చూస్తున్నాను.