సవరణ: గర్బర్ ఎక్స్2 ఇస్తే అసెంబ్లీకి వేరే ఫైలు అక్కర్లేదన్న మాట తప్పు

రేణిగుంట, తిరుపతి వైపు సర్క్యూట్ బోర్డులు చేయించేవాళ్ల కోసం పెట్టిన గత పోస్టులో "గర్బర్ ఎక్స్2 పంపితే ఫ్యాబ్రికేషన్, అసెంబ్లీ రెండూ అయిపోతాయి" అని రాశాను. గర్బర్ అంటే బోర్డు డిజైన్‌ను తయారీ యూనిట్‌కు పంపే ఫైల్ ఫార్మాట్, ఎక్స్2, ఎక్స్3 దాని వెర్షన్లు. ఫ్యాబ్రికేషన్ అంటే ఖాళీ బోర్డు చేయడం, అసెంబ్లీ అంటే దానిమీద కాంపోనెంట్లు అతికించడం. పొరపాటు నాదే. ఎక్స్2ను ఎక్స్3తో కలిపేశాను.

గర్బర్ ఫార్మాట్‌ను నిర్వహించే సంస్థ స్పెసిఫికేషన్ ప్రకారం 2014 నాటి ఎక్స్2 ఏ ఫైలు బోర్డులో ఏ లేయరో (పొరో), ఏ ప్యాడ్ (కాంపోనెంట్ కాలు అతికే రాగి చోటు) దేనికో చెబుతుంది. కాంపోనెంట్ల స్థానం, కోణం వచ్చింది 2020 నాటి ఎక్స్3లోనే. కాబట్టి ఎక్స్2తో పాటు అసెంబ్లీకి బీఓఎం (కాంపోనెంట్ల జాబితా), పిక్ అండ్ ప్లేస్ ఫైలు (ఏ కాంపోనెంట్ ఎక్కడ, ఏ కోణంలో పెట్టాలో చెప్పేది) తప్పనిసరి. ఓడీబీ++, ఐపీసీ-2581 అనే వేరే ఫార్మాట్లలో ఇవన్నీ ఒకేచోట ఇమడ్చవచ్చు. అయితే తయారీ యూనిట్ వాళ్లు వాటిని తీసుకుంటారో లేదో ముందే అడగండి.

డ్రిల్ (బోర్డులో రంధ్రాలు వేయడం) సంగతి కూడా చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. కాపర్ లేయర్‌లో ఉండేది ప్యాడ్ మాత్రమే, రంధ్రం కాదు. రంధ్రాల స్థానాలు, సైజులు చెప్పే డ్రిల్ ఫైలు (సాధారణంగా ఎక్సెలాన్ ఫార్మాట్‌లో) విడిగా ఇవ్వాలి, ప్లేటెడ్ (లోపల రాగి పూత ఉన్నవి), నాన్‌ప్లేటెడ్ (పూత లేనివి) వేర్వేరుగా. అసలు చిక్కంతా ఎక్సెలాన్ ఫైల్లోని కొలతల సున్నాల దగ్గరే. అంగుళాల 2:4 ఫార్మాట్‌లో (దశాంశ బిందువు రాయకుండా, దాని ముందు రెండు, తర్వాత నాలుగు అంకెలు) చివరి సున్నాలు తీసేస్తే "015" అంటే 1.5 అంగుళం. ముందు సున్నాలు తీసేశారనుకుని చదివితే అదే 0.0015 అవుతుంది, రంధ్రాలన్నీ ఒక మూలకు చేరతాయి. ఫైలు మొదట్లోని హెడర్‌లో ఎల్‌జెడ్ (LZ) అంటే ముందు సున్నాలు ఉంచినట్టు, తీసేసినట్టు కాదు (పేరు పెట్టినవాళ్లకో దండం). దశాంశ బిందువుతో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఈ గొడవే ఉండదు. పంపేముందు గర్బర్ వ్యూయర్‌లో డ్రిల్‌ను కాపర్ మీద పెట్టి చూడండి.