ముసలివాళ్లే కదా అన్న అలుసు

జ్వరపడిన వృద్ధుడికి డాక్టరు చీటీ అక్కర్లేదని ఎవరు నిర్ణయించారు? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లలు హైదరాబాద్‌కో చెన్నైకో వలసపోగా వృద్ధాశ్రమం చేరిన పెద్దలకు ఒళ్లు వెచ్చబడితే, చాలాచోట్ల మందుల దుకాణానికి మనిషిని పంపి యాంటీబయాటిక్ తెప్పించి మింగిస్తున్నారు. జ్వరం దిగగానే ఆపేస్తారు. తిరగబెడితే ఇంకా ఘాటైనది తెస్తారు. ముసలివాళ్లే కదా అన్న అలుసు కాక ఏమిటిది?

మందులకు లొంగని బాక్టీరియా పెరగడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. మంచానపడిన మనిషికి వేసిన మూత్రపు గొట్టం లోపల రోజులు గడిచేకొద్దీ బాక్టీరియా జిగురుపొర కడుతుంది. ఆ పొరలోకి మందు సరిగా చొరబడదు. మూత్రం సంచి ఖాళీ చేసిన ఆయా చేతులు కడుక్కోకుండా పక్క మంచంలోని వారి వీపు పుండుకు కట్టు మారిస్తే, ఆ బాక్టీరియా కూడా మంచం మారుతుంది. మూత్రం వాసన వేస్తోందని మందు మొదలుపెట్టడం మరో తప్పు. మంట, జ్వరం లేకుండా మూత్రంలో బాక్టీరియా కనిపించడం ఆ వయసులో మామూలే. అప్పుడు మందు వాడితే రోగికి ఒరిగేదేమీ ఉండదు, బాక్టీరియా మాత్రం రాటుదేలుతుంది.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం మాటేమిటి? కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఊరూరా కిడ్నీ రోగులున్నారు. మామూలు మందులు పనిచేయకపోతే మిగిలే అమికాసిన్, కొలిస్టిన్ వంటివి కిడ్నీలనే దెబ్బతీస్తాయి. డయాలసిస్ దాకా వచ్చిన మనిషిని అప్పుడు దేనితో కాపాడతారు?

ఆశ్రమాలకు డబ్బు చాలదు, రాత్రివేళ డాక్టరు దొరకడు అన్నది నిజమే. ఆ లోటు తీర్చడానికే కదా చట్టాలు! 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు వేరే వరుస ఉండాలంది. 2014 మార్చి 1న అమల్లోకి వచ్చిన, ఔషధ నియమాల్లోని షెడ్యూల్ హెచ్1 అనే జాబితా ప్రకారం, శక్తిమంతమైన యాంటీబయాటిక్ అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ఆ రిజిస్టరు తెరిచి చూసే నాథుడేడి? దేశంలో మందులకు లొంగని బాక్టీరియాపై నిఘా ప్రధానంగా పెద్ద ఆసుపత్రుల ప్రయోగశాలల మీదే నడుస్తోంది. ఆశ్రమంలో కన్నుమూసినవారు ‘వయసు మీదపడి’ పోయినట్టే. మళ్లీ అదే మాట, ముసలివాళ్లే కదా!

కేరళ 2024లో ‘ఆపరేషన్ అమృత్’ పేరిట చీటీ లేని యాంటీబయాటిక్ అమ్మకాలపై ఆకస్మిక తనిఖీలకు దిగింది. మన ఔషధ తనిఖీ అధికారులకు అడ్డేమిటి? రెండు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. జ్వరపడిన వృద్ధుల నమూనాలు, ఏ బాక్టీరియాకు ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్షకు అక్కడికి చేర్చడానికి కొత్త చట్టం కావాలా? అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవమంటూ ఆశ్రమాల్లో పండ్లు పంచి ఫొటోలు దిగే అధికారులారా, ముందు ఆ వీధి చివర మందుల దుకాణంలో రిజిస్టరు తెరిపించండి.