బీటెక్‌కి 160 క్రెడిట్లు చాలు

కాలేజీని బట్టి రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో బీటెక్ పిల్లల చేతికి ఒక ఫారం వస్తుంది. ఆనర్స్ (సొంత బ్రాంచిలోనే అదనపు సబ్జెక్టులు) తీసుకుంటావా, మైనర్ (వేరే బ్రాంచి సబ్జెక్టులు) తీసుకుంటావా అని. క్రెడిట్ అంటే సబ్జెక్టు బరువును కొలిచే లెక్క. డిగ్రీకి కావాల్సిన 160 క్రెడిట్ల మీద ఇంకో 18 నుంచి 20 క్రెడిట్లు అదనం. మార్కులు బాగా వచ్చినవాళ్లకే ఈ అవకాశం. అందుకే వద్దంటే చేతికొచ్చినది వదులుకున్నట్టు ఇంట్లో చూస్తారు. నేను మాత్రం చాలామంది పిల్లలు ఆ ఫారం మీద సంతకం పెట్టకూడదనే అంటాను.

ఈ 160 ఊరికే వచ్చిన అంకె కాదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్16 రెగ్యులేషన్‌లో, అంటే 2016 బ్యాచ్ నుంచి పెట్టిన నిబంధనల్లో, బీటెక్ అంటే 192 క్రెడిట్లు. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2018 మోడల్ కరికులం (నమూనా పాఠ్యప్రణాళిక) వచ్చాక, ఆర్18లో అది 160కి దిగింది. అంటే 32 క్రెడిట్ల బరువు దించారు. అదే మోడల్ కరికులం, మరో 20 క్రెడిట్లు ఆన్‌లైన్ కోర్సులతో పూర్తి చేసినా సరే ఆనర్స్ గానీ మైనర్ గానీ ఇవ్వొచ్చంది. కొద్దిమంది కోసం తెరిచిన ఆ పక్క గుమ్మంలోంచి ఇప్పుడు క్లాసులకు క్లాసులే దూరుతున్నాయి. దించిన బరువులో సగానికి పైగా మళ్లీ మనమే పిల్లల నెత్తిన పెడుతున్నాం.

గంటల్లో లెక్క వేద్దాం. చదువును క్రెడిట్లలో లెక్కగట్టడానికి కేంద్రం తెచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఏడాదికి 40 క్రెడిట్లు, 1200 గంటల చదువు. క్లాసు, ల్యాబు, ఇంటి దగ్గర చదివేది అన్నీ కలిపి ఒక్కో క్రెడిట్‌కి 30 గంటలు. సెమిస్టర్‌కి 20 క్రెడిట్లంటే 600 గంటలు. సెమిస్టర్ 16 వారాలనుకుంటే వారానికి ముప్పై ఏడున్నర గంటలు, దాదాపు ఒక ఉద్యోగమంత. దాని మీద నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు ఒక్కటి ఎక్కిస్తే ఇంకో 120 గంటలు, అంటే వారానికి ఏడున్నర. ఆ ఏడున్నర గంటలు ఎక్కడి నుంచి తేవాలి?

మా మేనకోడలు ఎక్కడి నుంచి తెచ్చిందో నేను చూశాను. ఇల్లు కూకట్‌పల్లి, కాలేజీ ఇబ్రహీంపట్నం వైపు. పొద్దున ఏడు లోపే కాలేజీ బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. ఒక రోజు వెళ్లేసరికి టేబుల్ మీద ల్యాబ్ రికార్డు తెరిచి ఉంది. సీనియర్ రికార్డులోని కర్వ్‌ను గ్రాఫ్ షీటు మీద దించుతోంది. పక్కన గ్లాసుకి ఆనించిన ఫోన్‌లో మైనర్ కోర్సు వీడియో 1.75 స్పీడులో పరుగెడుతోంది. ఆ సారు ఏం చెప్తున్నాడమ్మా అని అడిగా. తల ఎత్తకుండానే, "వీడియో అయిపోతే చాలు మామయ్యా, అసైన్‌మెంట్‌కి కావాల్సింది తర్వాత వెతుక్కుంటా" అంది.

ఆ పూట కర్వూ రాలేదు, కోర్సూ రాలేదు. క్రెడిట్లు మాత్రం రెండింటికీ పడతాయి. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. బరువు ఒక హద్దు దాటాక పిల్లలు ఎక్కువ చదవరు, ఎక్కువ 'కంప్లీట్' చేస్తారు. అర్థం కాని చోట ఆగి, వెనక్కి వెళ్లి, తప్పు చేసి, మళ్లీ చేసే టైమే ముందుగా పోతుంది. టైంటేబుల్‌లో దానికి పీరియడ్ ఉండదు కాబట్టి అది పోయిన సంగతి ఎవరికీ తెలియదు. పిల్లలకు కూడా తెలియదు, ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లు రెండో ప్రశ్న అడిగేదాకా.

రెజ్యూమెలో మైనర్ అని కనిపిస్తే విలువ ఉంటుందని, మెకానికల్, సివిల్ పిల్లలకు కంప్యూటర్స్ వైపు వెళ్లడానికి అదే దారి అని అంటారు. రెండో మాటలో నిజం ఉంది. ఆ సబ్జెక్టు మీద నిజంగా మనసున్నవాళ్లు, బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఒక్కటీ లేనివాళ్లు తీసుకోవాల్సిందే. కానీ పక్క బెంచీ వాడు తీసుకున్నాడని తీసుకునేవాళ్ల సంగతి వేరు.

అసలు ఈ అలవాటు బీటెక్‌లో మొదలైంది కాదు. ఇంటర్ రెండేళ్లూ మన పిల్లలు ఎలా బతికారో గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం టెస్టు. ఏ గంటలో ఏం చదవాలో, ఎంతసేపు చదవాలో, ఎప్పుడు పడుకోవాలో అంతా ఇంకొకరు రాసిపెట్టిందే. ఖాళీ గంటని చూస్తే భయపడేలా పెంచాం. పద్దెనిమిదేళ్లకి అదే పిల్లాడి ముందు ఫారం పెట్టి నీ ఇష్టం అంటే, వాడికి తెలిసింది ఒకటే: ఇంకోటి కలుపుకోవడం. నాకు ఎంత చాలు అనే ప్రశ్న వాడిని ఎవరూ అడగలేదు. తల్లిదండ్రులుగా మనమూ అడగలేదు.

మెల్లగా చదువుతానంటే అయితే మనకు అసలు ఊపిరాడదు. యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2024 చివర్లో డిగ్రీ విద్యార్థులకు రెండు దారులు ప్రతిపాదించింది. ఎక్కువ క్రెడిట్లు తీసుకుని డిగ్రీని ఒకటి రెండు సెమిస్టర్ల ముందే ముగించడం ఒకటి, తక్కువ తీసుకుని రెండు సెమిస్టర్ల దాకా పొడిగించుకోవడం ఇంకొకటి. రెండింటికీ డిగ్రీ విలువ ఒకటే. మన ఇళ్లల్లో రెండో దాని పేరెత్తి చూడండి. "ఏడాది పోతుంది", "గ్యాప్ కనిపిస్తుంది", "చుట్టాలకు ఏం చెప్పాలి" అంటారు. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివే మన పిల్లలకు ఫుల్‌టైం తప్పనిసరి. సెమిస్టర్‌కి ఇన్ని క్రెడిట్లు ఉండాల్సిందే, ఎంఎస్‌లో చాలాచోట్ల తొమ్మిది. అంత గట్టి నిబంధనలో కూడా, ఆరోగ్యం బాగాలేకపోయినా, కొత్త బోధన పద్ధతి తలకెక్కకపోయినా యూనివర్సిటీ అధికారి అనుమతి ముందే తీసుకుని బరువు తగ్గించుకునే వీలుంది. మోయలేకపోవడం అక్కడ నేరం కాదు. వీసా చట్టం చూపించిన ఆ మాత్రం దయ మన ఇంట్లో మనం చూపించలేమా?

మా మేనకోడలు ఆ సెమిస్టర్ అయ్యాక మైనర్ మానేసింది. మా చెల్లెలు వారం పాటు నాతో సరిగా మాట్లాడలేదు. తర్వాతి సెమిస్టర్‌లో ఒక శనివారం ఫోన్ చేసింది పిల్ల. ఎప్పుడో కొని అట్టపెట్టెలోనే ఉంచేసిన మైక్రోకంట్రోలర్ బోర్డు బయటికి తీసిందట. దాంతో ఒక చిన్న లైటు వెలిగించడానికి మూడు రోజులు పట్టిందట. ప్రోగ్రాంలో రాసిన పిన్ నంబరు ఒకటి, వైరు గుచ్చింది ఇంకోదాంట్లో. మూడు రోజులూ అది ఎందుకు వెలగలేదో, నేను ఏమీ అడగకుండానే, అరగంట చెప్పింది.