తుమ్మపుల్ల

పేస్టుతో పళ్ళు తోముకోవడమంటే మా మామగారి లెక్కలో పళ్ళు తోముకున్నట్టు నటించడం. పల్నాటి మనిషి. వేప దొరికితే వేప, లేకపోతే కానుగ, చిగుళ్ళు వదులైతే తుమ్మ. విజిటర్ వీసా మీద డల్లాస్ వచ్చాక మా అపార్ట్‌మెంట్ చుట్టుపక్కల చెట్ల కొమ్మలన్నీ కొరికి చూసి, ‘ఒక్కటీ పనికొచ్చే చెట్టు కాదు’ అని తేల్చేశారు. అప్పట్నుంచీ అత్తయ్యగారు అందించే పేస్టుని మొహం చిట్లించుకుని వాడుతున్నారు.

మార్చిలో పిల్లలకి సెలవులిస్తే అందరం కోస్టారికా వెళ్ళాం. దేశానికి వాయవ్య మూలన గ్వానకాస్తే అనే ప్రాంతం. కోస్టారికా అనగానే వానలూ పచ్చదనమూ అనుకుంటాం గానీ, ఈ మూలన డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలుండవు. చాలా చెట్లు ఆకు రాల్చేసి మోడుల్లా నిలబడతాయి. కారు అద్దంలోంచి చూస్తూ మామగారు, ‘ఏవయ్యా, ఇంత డబ్బు తగలేసి మాచర్ల రోడ్డుకి తీసుకొచ్చావా?’ అన్నారు. విసుక్కున్నారు గానీ మొహం మాత్రం వెలిగిపోతోంది.

మర్నాడు పొద్దున్నే లాడ్జి వెనక బాట పక్కన ఆయనకి తుమ్మచెట్టు కనపడింది. ఆయన పొరబడలేదు. అది నిజంగానే తుమ్మ కులానిదే. అవే చిన్నచిన్న ఆకులు, అవే జంట ముళ్ళు. కాకపోతే ఒక్కో ముల్లూ ఎద్దుకొమ్ములా బలిసి ఉంది. ‘అమెరికా ఖండం కదా, ఇక్కడ ఏదైనా సైజు పెద్దదే’ అని సరిపెట్టుకున్నారు. చుట్టూ అన్నీ ఎండిపోయినా ఇదొక్కటే పచ్చగా ఉంది. చెట్టు మొదట్లో గడ్డిపరక కూడా లేకుండా నేల శుభ్రంగా ఉంది. ‘చూశావా, పాదు చేసి ఎంత బాగా పెంచుతున్నారో!’ అని లాడ్జివాళ్ళని మెచ్చుకుని, ఓ పుల్ల పుటుక్కున విరిచారు.

దూరంగా వస్తున్న మా గైడు రెండు చేతులూ ఊపుతూ స్పానిష్‌లో ఏదో అరిచాడు. గుడ్ మార్నింగ్ చెబుతున్నాడనుకుని మామగారు పుల్ల నోట్లో పెట్టుకునే చెయ్యి ఊపారు.

ఆ ముళ్ళు లోపల డొల్ల. కొన దగ్గర సూదిబెజ్జమంత కన్నం. అందులోంచి సన్నగా, పొడుగ్గా, ఎర్రమట్టి రంగు చీమలు బయటికొచ్చాయి. ఒకటి పై పెదవిని కుట్టింది. ఇవి కరిచి ఊరుకునే రకం కాదు, తోక దగ్గర కొండి ఉంటుంది. ఒకటి కుడితే ఆ వాసనకి మిగతావన్నీ ఉరికొస్తాయి. మామగారికి పల్నాటి మీసం ఒకటి ఉందాయె! అందులో దూరినవాటిని పట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. ఆయన గెంతుతుంటే గైడు నన్ను దగ్గరికి పోవద్దన్నాడు. పెద్దల మాట వినడం నాకు అలవాటే కాబట్టి పది అడుగుల దూరంలో నిలబడి, ‘దులుపుకోండి మామయ్యగారూ’ అని సలహా ఇచ్చాను.

అత్తయ్యగారు గదిలోంచి పేస్టు ట్యూబు పట్టుకొచ్చి పెదవికి దట్టంగా పట్టించారు. ‘ఇదేదో పొద్దున్నే లోపల పెట్టుకునుంటే ఇప్పుడు బయట పెట్టుకునే పని లేకపోను!’

మామగారు కాస్త కుదుటపడ్డాక గైడు పురాణం విప్పాడు. ఈ చెట్టూ ఈ చీమా ఒప్పందం మీద బతుకుతాయట. ముళ్ళలో ఇల్లు, ఆకుకాడ మీద తేనె, ఆకుల చివర పసుపుపచ్చటి గింజల్లాంటి తిండి, అన్నీ చెట్టువే. అందుకు బదులుగా చీమలు రాత్రింబవళ్ళు కాపలా కాస్తాయి. ఆకు కొరకడానికొచ్చిన పురుగుల్నీ పశువుల్నీ తరిమేస్తాయి. చెట్టు మొదట్లో మొలిచిన గడ్డినీ తీగల్నీ కొరికిపారేస్తాయి. పాదు చేసింది లాడ్జివాళ్ళు కాదు.

నికరాగువా బంగారు గనుల్లో పనిచేసిన థామస్ బెల్ట్ అనే ఇంజినీరు 1874లోనే ఇదంతా రాశాడు. అయినా చాలామంది శాస్త్రవేత్తలు నమ్మలేదు. 1960లలో డానియెల్ జాన్జెన్ అనే ఆయన మెక్సికోలో కొన్ని చెట్లకి చీమల్ని తీసేసి చూశాడు. పురుగులు ఆ చెట్లని తినేశాయి. అప్పుడు నమ్మారు. పుల్ల విరవడానికి మామగారికి అంత పరిశోధన అక్కర్లేకపోయింది.

తేనె సంగతి ఇంకా బాగుంది. పుట్టిన చీమ మొదటిసారి ఆ తేనె తాగగానే, మామూలు చక్కెరని అరిగించుకునే శక్తి దాని పొట్టలో పోతుందట. ఆ పైన చెట్టు ముందే అరగదీసి ఇచ్చే తేనె తప్ప ఇంకెక్కడి తీపీ పడదు. ‘ఇందులో కొత్తేముంది?’ అన్నట్టు అత్తయ్యగారు మామగారి వంక చూశారు. ఆయనకి ఆవిడ చేతి కందిపచ్చడి లేనిదే ముద్ద దిగదు.

మా ఆవిడ ఫోన్లో వెతికి, జస్టిన్ ష్మిట్ అనే శాస్త్రవేత్త కీటకాల కుట్లకి నొప్పి మార్కులు వేశాడనీ, ఈ తుమ్మచీమలకి నాలుగు మార్కులకి ఒకటిన్నరే ఇచ్చాడనీ చదివింది. మామగారు భగ్గుమన్నారు. ‘ఒకటిన్నరేంటమ్మా? రీవాల్యుయేషన్ పెట్టించు!’

వాపుకి మాట సరిగ్గా రాకపోయినా రైతు బుద్ధి ఆగలేదు. మిరప చేను గట్టున ఈ చెట్లు నాటితే అడవిపందులు రావు కదా, గింజలు దొరుకుతాయా అని అడిగారు. చీమలు లేకపోతే చెట్టు నిలవదన్నాడు గైడు. చీమలున్నా అన్నీ ఒకలాంటివి కావట. ఇంకో జాతి చీమ ఉందట, ఇలాంటి ముళ్ళలోనే కాపురం పెట్టి, ఇదే తేనె తాగి, ఇదే తిండి తింటుంది. ఎవరైనా చెట్టు మీదికొస్తే మాత్రం అడ్డు పోదు, తప్పించుకుంటుంది.

మామగారు నా వైపు చూసీ చూడనట్టు చూశారు. ‘అది ఏ చెట్టుకి అల్లుడో కనుక్కో’ అన్నారు.

ఏమంటున్నారని గైడు అడిగాడు. రేపు ఏ బీచికి వెళ్దామని అడుగుతున్నారని చెప్పాను.