సవరణ: జెర్బిల్ తొట్టె మీద తడి గోనెసంచి వద్దు

ఎండాకాలంలో జెర్బిల్స్ (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువులు) ఉండే గాజు తొట్టె మీద తడి గోనెసంచి కప్పమని కిందటి పోస్టులో రాశాను. అది తప్పు. ఒడిశా తీరప్రాంతంలో బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు ఎవరైనా అలా చేస్తుంటే ఇవాళే తీసేయండి.

గాలి పొడిగా ఉన్నచోట గోనె ఆరుతూ చల్లదనం ఇస్తుంది. మన సముద్రపు గాలికి అది ఓ పట్టాన ఆరదు, చెమ్మంతా తొట్టెలోకే దిగుతుంది. జెర్బిల్సేమో మంగోలియా పొడి గడ్డిమైదానాల జీవులు. పశువైద్యులు ఇచ్చే సంరక్షణ సూచనల్లో తేమ 30 నుంచి 50 శాతం, వేడి 18 నుంచి 24 డిగ్రీలు అని ఉంటుంది. తేమ 50 దాటితే వీపు మీది బొచ్చు నూనె రాసినట్టు జిడ్డుగా అతుక్కుని, పాయలు పాయలుగా నిక్కుతుంది. ముందు కనిపించే గుర్తు అదే.

ఏసీ ఉంటే తేమ తగ్గించే డ్రై మోడ్‌లో పెట్టండి. లేకపోతే తొట్టెను ఎండ తగలని గదిలో నేలమీద ఉంచి, మూతకు ఇనుప వల వేసి, లోపల ఒక టైల్ ముక్క పరచండి. గడ్డకట్టిన నీళ్ల సీసాకు పొడి తువ్వాలు చుట్టి బయటినుంచి గాజుకు ఆనించాలి. లోపల పెడితే సీసా చెమర్చి పరుపు తడిసి బూజు పడుతుంది, ప్లాస్టిక్‌ను కొరికేస్తాయి కూడా.

జెర్బిల్స్ బొచ్చు శుభ్రం చేసుకోవడానికి పొర్లే ఇసుక స్నానానికి గోపాల్‌పూర్ బీచ్ ఇసుక తేకండి. అందులోని ఉప్పు చెమ్మను పీలుస్తుంది.

జెర్బిల్ సోలిపోయి వేగంగా రొప్పుతుంటే చల్లటి నీళ్లలో ముంచకండి. చల్లని గదికి మార్చి వెంటనే డాక్టర్‌కు చూపించండి.