ఏడూ రెండూ చూడనివాడు నాకు హాకీ చెబుతున్నాడు

ఇప్పుడే భోజనం మధ్యలో లేచొచ్చాను. పెరుగన్నం కంచంలోనే ఉంది. ఉండనీ.

సంగతేంటంటే మా అక్క కొడుకు సెలవులకి బెంగళూరు నుంచి దిగాడు. పంతొమ్మిదేళ్లవాడు. మాటల్లో హాకీ వచ్చింది. నేను మామూలుగా "మా రోజుల్లో టీం అంటే..." అన్నాను, అంతే. వాడు ముద్ద నోట్లో పెట్టుకుంటూనే ఎడం చేత్తో ఫోన్ తీసి ఏదో గీకాడు. "2008 బీజింగ్ ఒలింపిక్స్, క్వాలిఫై కాలేదు. 2012 లండన్, పన్నెండో స్థానం. ఆడినవే పన్నెండు టీములు మామయ్యా! ఇదేనా నీ స్వర్ణయుగం?"

మా అక్క నవ్వింది. మా ఆవిడ ఇంకాస్త గట్టిగా నవ్వింది. ఒక చేత్తో రసం పోస్తూ అంత నవ్వేంటండీ, సగం నా చొక్కా మీద పడింది.

ఒరేయ్, 2012 టీం మా టీం అని ఎవడన్నాడ్రా? మా టీం అంటే 1998 బ్యాంకాక్ ఏషియాడ్ నుంచి 2007 చెన్నై ఆసియా కప్ వరకు. ఆ హద్దులు నేనే గీశాను, అవును, గీస్తాను. పెళ్లి ఆల్బంలో బాగా పడిన ఫోటోలే కదా అతికిస్తాం.

బ్యాంకాక్ వీడికేం తెలుసు? 32 ఏళ్ల తర్వాత ఏషియాడ్‌లో బంగారం. కొరియాతో ఫైనల్ పెనాల్టీ స్ట్రోకుల దాకా వెళ్తే, గోల్లో ఆశిష్ బల్లాళ్ నిలబడ్డాడు. చెన్నై పెరంబూర్‌లో మా లైను ఇళ్లలో ఒకే కలర్ టీవీ ముందు పాతికమందిమి. మా కెప్టెన్ ధన్‌రాజ్ పిళ్లై పుట్టింది పుణె దగ్గర ఖడ్కీలోనే అయినా, వాళ్లది తమిళ కుటుంబం కాబట్టి మా వీధిలో అరవవాళ్లకి వాడు సొంత తమ్ముడు. మరి తెలుగువాళ్లం మనకి? హైదరాబాద్ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000... మూడు ఒలింపిక్స్ ఆడాడు. ఎంతమందికి తెలుసో చేతులెత్తండి. లేదు కదా. ఐపీఎల్ వేలంలో ఎవడు ఎంతకి పోయాడో అడగండి, పైసలతో సహా చెప్తారు.

ఆ బంగారం మెడలో వేసుకొచ్చిన వాళ్లకి మన ఫెడరేషన్ ఇచ్చిన బహుమానం తెలుసా? ధన్‌రాజ్, బల్లాళ్‌తో కలిపి ఏడుగురు సీనియర్లని టీంలోంచి తీసేశారు. పైగా "విశ్రాంతి" అన్నారు. ముప్ఫైరెండేళ్ల తర్వాత గెలిచారు కదా, పాపం అలిసిపోయి ఉంటారు!

2000 సిడ్నీ ఒలింపిక్స్ గురించి నన్ను అడక్కండి. సరే, మీరు అడక్కపోయినా చెప్తాను. పోలెండ్‌తో ఒక గోల్ ముందున్నాం. అలాగే ఆట ముగిస్తే సెమీస్. ఇంకాసేపట్లో హూటర్ కొడతారనగా వాళ్లు సమం చేశారు. పోలెండ్ అండీ! ఆ రోజు మా నాన్న టీవీ కట్టేసి బయటికి వెళ్లి, రాత్రి పదింటికి వచ్చాడు. ఎక్కడికెళ్లావని అమ్మ కూడా అడగలేదు.

2001లో హోబార్ట్‌లో జూనియర్ ప్రపంచకప్, ఫైనల్లో అర్జెంటీనా మీద 6-1. గగన్ అజిత్, దీపక్ ఠాకూర్, ప్రభ్‌జోత్, జుగ్‌రాజ్. ఆ నలుగురినీ చూసి ఇంక పదేళ్లు మనదే అనుకున్నాం. 2003లో జుగ్‌రాజ్ కారు యాక్సిడెంట్‌లో దెబ్బతిన్నాడు. అప్పటికి వాడికి నిండా ఇరవై. ఆ నెలలోనే మిగతావాళ్లు కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌ని 4-2తో కొట్టి ఆసియా కప్ తెచ్చారు. వాడుంటే ఎన్నయ్యేవో. ఈ లెక్కలు ఫోన్లో దొరకవు.

ఇక 2007 సెప్టెంబర్ 9, ఆదివారం. ఎగ్మోర్, మేయర్ రాధాకృష్ణన్ స్టేడియం. నేనున్నాను అక్కడ. టీవీలో కాదు, కాంక్రీట్ మెట్ల మీద, వెనకాలెవడి మోకాళ్లో నా వీపుకి గుచ్చుకుంటుంటే చూశాను. ఆసియా కప్ ఫైనల్, మళ్లీ కొరియానే. ఏడు గోల్స్. ఏడు! 7-2. మూడో గోల్ దాకా అరిచాను, నాలుగోదానికి గొంతు పోయింది, ఆ తర్వాత పక్కనున్న పెద్దాయన్ని పట్టుకుని ఊపడమే. ఆయన లుంగీ ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నన్ను గుద్దుతున్నాడు. ఆ టోర్నీలోనే శ్రీలంక మీద ఇరవై కొట్టాం. సరే, శ్రీలంక లెక్క వదిలేయండి. కొరియా మీద ఏడు సంగతి చెప్పండి. అప్పుడే ఓ హాకీ సినిమా ఆడుతోంది కాబట్టి జనం వచ్చారని ఇప్పటికీ కొందరంటారు. మేం ఆ సినిమాకి ముందు నుంచే ఆ మెట్ల మీద చొక్కాలు చించుకుంటున్నాం బాబూ.

ఆ తర్వాత ఏమైంది? సరిగ్గా పదిహేను రోజులకి జొహానెస్‌బర్గ్‌లో క్రికెట్ టీం టీ20 కప్ గెలిచింది. ఓపెన్ టాప్ బస్సు, ముంబై మొత్తం రోడ్ల మీద, కోట్లకి కోట్లు. ఆరు సిక్సర్లకి యువరాజ్‌కి విడిగా కోటి. కొట్టాడు, తీసుకున్నాడు, నాకేం ఏడుపు లేదు. (ఉంది.) మన హాకీ కోచ్ కార్వాలో, కర్ణాటక ఆటగాళ్లు కొందరు, మాకూ ఏదో ఒకటి ఇవ్వండి, లేకపోతే ముఖ్యమంత్రి ఇంటి ముందు నిరాహార దీక్షకి కూర్చుంటాం అన్నారు. ఆసియా ఛాంపియన్లు! కప్పు గెలిచి నెల తిరక్కుండా పస్తులుంటామని బెదిరించాల్సి వచ్చింది. ఇంకో ఆరు నెలలకి శాంటియాగోలో ఒలింపిక్ క్వాలిఫయర్‌లో బ్రిటన్ చేతిలో 0-2 ఓడి బీజింగ్ పోగొట్టుకుంటే, అప్పుడు మాత్రం ప్రతి పేపర్లోనూ మొదటి పేజీ. గెలిస్తే ఆటల పేజీలో ఓ మూల, ఓడితే నెత్తిన పతాక శీర్షిక.

అసలు ఈ ఫోన్ చూపించడం కొత్తేం కాదు, అప్పట్లో మా బాబాయ్ నోటితో చేసేవాడు. 7-2 చూసి ఇంటికొచ్చి గొంతు లేకుండా చెబుతుంటే, పడక్కుర్చీలోంచి లేవకుండా "ఇదేం గెలుపురా, మాస్కో బంగారం చూశావా? మన మద్రాసు భాస్కరన్ కెప్టెన్" అన్నాడు. బాబాయ్, నువ్వంటే గౌరవమే. కానీ 1980 మాస్కో ఒలింపిక్స్‌కి పాకిస్తాన్ రాలేదు, పశ్చిమ జర్మనీ రాలేదు, ఆస్ట్రేలియా రాలేదు. వచ్చినవి ఆరు టీములు, అందులో క్యూబా, టాంజానియా. టాంజానియా మీద 18 కొట్టి స్వర్ణయుగమంటే, నా శ్రీలంక ఇరవై ఏం పాపం చేసింది? పదిహేడేళ్లుగా ఈ మాట నోట్లోనే ఉండిపోయింది. ఇప్పుడాయన లేడు, ఇక్కడ రాసుకుంటున్నాను.

మా స్కూల్లో ఎర్రమట్టి గ్రౌండ్ ఉండేది, దాని మీదే స్టిక్ పట్టడం నేర్చుకున్నాను. ఇప్పుడందులో స్కూల్ బస్సులు నిలుపుతున్నారు. ఇది కూడా ఫోన్లో వెతికి చెప్పమనండి వాణ్ణి.

టోక్యో, ప్యారిస్ కంచులు నాకు తక్కువని కాదు. టోక్యోలో జర్మనీ మీద 5-4 గెలిచిన రోజు నేనెలా ఏడ్చానో మా ఆవిడనడగండి, ఆ రోజు కూడా నవ్వింది. కానీ దానికి ముందు ఏమీ లేదంటే మాత్రం ఊరుకోను.

ఆగండి, వాడే తలుపు దగ్గరికొచ్చాడు. పెరుగన్నం తెచ్చాడు. "మామయ్యా, ఆ ఏడు గోల్సూ ఎవరెవరు కొట్టారు?" అంటున్నాడు. ఇద్దరి పేర్లు చెప్పాను. మిగతావి వెతుకుతానని మళ్లీ ఫోన్ తీస్తున్నాడు చచ్చినోడు.