ఆర్‌డీ 350 మెసేజ్ పంపడం ఇక ఆపండి

"పాత ఆర్‌డీ 350 కొంటున్నారా? ఎవరూ చెప్పని నిజాలు ఇవే" అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. పంపుతున్నవాళ్లంతా నాకు బాగా తెలిసినవాళ్లే, రాజ్‌దూత్ పేరుతో ఇక్కడ తయారైన ఆ పాత యమహా టూ స్ట్రోక్ బండి అంటే పడిచచ్చేవాళ్లే. అందుకే చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను. అందులో ఉన్నది ఇంతే: ఇది వింటేజ్ బండి, ట్యాక్స్ అక్కర్లేదు. 200 స్పీడ్ కొడుతుంది. 15 ఏళ్లు దాటిన సి బుక్‌కు విలువ లేదు కాబట్టి పేరు మార్చుకోవాల్సిన పని లేదు. ఆయిల్ పంప్ పీకేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలపాలి. పదహారు నిండితే ఎల్‌ఎల్‌ఆర్ వస్తుంది, దాంతో ఏ బండైనా నడపొచ్చు, వెనక ఫ్రెండ్‌ని కూడా ఎక్కించుకోవచ్చు. తర్వాత స్కూటీ మీద టెస్ట్ ఇచ్చేస్తే లైసెన్స్ చేతికొస్తుంది.

వింటేజ్ సంగతి ముందు తేల్చేద్దాం. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటినవే వింటేజ్ బండ్లు. ఎస్కార్ట్స్ కంపెనీ వాళ్లు ఈ ఆర్‌డీని రాజ్‌దూత్ 350 పేరుతో ఇక్కడ అమ్మడం మొదలుపెట్టిందే 1983లో. లెక్క మీరే వేసుకోండి. పైగా వింటేజ్ నంబరు తీసుకున్న బండిని రోజూ రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు.

200 స్పీడా? ఇందులో ఎక్కువ పవర్ ఉన్న హై టార్క్ మోడల్‌కే 30 హార్స్‌పవర్ పైచిలుకు, దాంతో 200 అందదు. దీని గురించి ఇంకో మాట అనవసరం.

ఇక సి బుక్. 15 ఏళ్లకు ముగిసేది రిజిస్ట్రేషన్ గడువు మాత్రమే, బండి మీద మీ బాధ్యత కాదు. బండిని తీసుకెళ్లి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి, ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కడితే మరో ఐదేళ్లకు రెన్యువల్ చేస్తారు. ఢిల్లీలో పాత బండ్ల మీద వచ్చిన ఆంక్షలను పట్టుకొచ్చి ఇక్కడ చెప్పడం ఏమిటి? పేరు మార్చుకోకపోతే అసలు నష్టం అమ్మినవాడికి. ఒక కారు వరసగా చేతులు మారుతూ పోయినా, సి బుక్‌లో ఎవరి పేరుందో అతనే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. సంతకాలు పెట్టిన ఖాళీ పేరుమార్పు ఫారాలు బీరువాలో పడేసుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి.

కొనేవాళ్లూ జాగ్రత్తగా ఉండాలి. హ్యాండిల్ కింద ఫ్రేమ్ మీద ఛాసిస్ నంబరు కొట్టి ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. అంకెలు ఒకే లోతులో, ఒకే వరసలో పడాలి. ఒక్క అంకె దగ్గర ఇనుము అరగదీసినట్టు నున్నగా తగిలినా నంబరు మార్చారేమోనని అనుమానించి, డబ్బు జేబులోంచి తీయొద్దు. ఇంజిన్ నంబరు కూడా సి బుక్‌తో సరిచూసుకోండి. ఇన్నేళ్లలో ఒక బండి ఇంజిన్ ఇంకో బండికి ఎక్కడం మామూలే.

ఆయిల్ పంప్ విషయంలో మాత్రం మెసేజ్ రాసినవాడి మాట కొట్టిపారేయలేను. ఇంజిన్‌కు ఆయిల్ అందించే ఈ పంప్ పాతబడితే ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు. ఆయిల్ అందకపోతే పిస్టన్ పట్టేస్తుంది, వెనక చక్రం బిగుసుకుపోతుంది. చేయి తిరిగిన ఆర్‌డీ మెకానిక్కులే పంప్ తీసేసి కలిపి పోసుకోమంటారు. కొలత తప్పకుండా కలిపే ఓపిక ఉంటే అది మంచి పద్ధతే. పంప్ ఉన్నా లేకపోయినా ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ మీద ఉంచడం అలవాటు చేసుకోండి. ఇంజిన్ పట్టేసిన క్షణంలో క్లచ్ నొక్కడమే కాపాడుతుంది.

నాకు ఒళ్లు మండేది ఆఖరి పాయింటు చూసే. పదహారేళ్లకు ఇచ్చేది 50 సీసీ దాటని, గేర్లు లేని బండికి. ఆర్‌డీ 347 సీసీ! పద్దెనిమిది నిండనిదే దాని మీద కూర్చునే హక్కు లేదు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాడు ఎల్ బోర్డు పెట్టుకోవాలి, నేర్పేవాడు తప్ప వెనక ఎవరూ ఎక్కకూడదు. స్కూటీ మీద టెస్ట్ పాసైతే వచ్చేది గేర్లు లేని బండ్ల లైసెన్సే. దాంతో ఆర్‌డీ ఎక్కితే, లైసెన్స్ లేకుండా నడిపినట్టే. ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ బాధితులకు డబ్బు కట్టినా, తర్వాత మీ దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తుంది.

చట్టం పక్కన పెట్టి బండి గురించే మాట్లాడుకుందాం. జపాన్ ఆర్‌డీకి ముందు డిస్క్ బ్రేక్ ఉండేది. ఇక్కడ తయారైనదానికి డ్రమ్ పెట్టారు. కింది ఆర్‌పీఎంలో సాధువులా ఉంటుంది, సూది సగం దాటాక ఒక్కసారిగా ఎగదన్నుతుంది, ముందు చక్రం తేలికైపోతుంది. ఆ ఊపులో ఎదురుగా ఆటో అడ్డం తిరిగితే, పట్టుకోవడానికి ఉన్నది ఆ డ్రమ్ బ్రేకే. స్కూటీ తప్ప ఏదీ తెలియని పిల్లవాడు, వెనక ఇంకో పిల్లవాడు! ఇది రాసినవాడికి పిల్లలు లేరా?

కొడుకు ముచ్చట తీర్చాలనుకునే తండ్రులకు ఇంకోటి చెప్పాలి. 2019 సవరణ తర్వాత మైనర్ బండి నడుపుతూ దొరికితే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ అబ్బాయికి పాతికేళ్లు వచ్చేదాకా ఎల్‌ఎల్‌ఆర్ కూడా ఇవ్వరు. ఆర్‌డీ మీద నిజంగా ఆశ పెట్టుకున్నవాడికి అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?

ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న నెల తర్వాత టెస్ట్ స్లాట్ బుక్ చేసుకోవచ్చు, ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. ఆ లోపు గేర్ బండి మీద, కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేయడం రావాలి. మన గ్రూపులో ఎవరి పిల్లలకైనా నేర్పమంటే నేనే వస్తాను, నా చిన్న బండి ఇస్తాను. ఆర్‌డీ తాళం మాత్రం గేర్ బండి లైసెన్స్ కళ్లతో చూశాకే ఇస్తాను.